కారులో చెయ్యి దూరని చోట మరమ్మతు: విశాఖపట్నం ఇంటి పద్ధతులు

కారు మరమ్మతుల్లో కొన్ని పనులు స్వతహాగా చిన్నవే. హెడ్‌లైటు బల్బు మార్చాలి, వెనక వైపున్న ప్లగ్గు విప్పాలి, సెల్ఫ్ మోటారు పైబోల్టు వదులు చెయ్యాలి, గ్లోవ్ బాక్సు వెనకున్న ఏసీ ఫిల్టరు లాగాలి. అన్నీ విప్పి బల్ల మీద పెడితే పదేళ్ల పిల్లాడైనా చేసేస్తాడు. కష్టమంతా దగ్గరికి చేరడంలో ఉంది. చెయ్యి పడితే పానా పట్టదు, పానా పడితే తిప్పడానికి చోటుండదు, రెండూ కుదిరితే కన్ను ఆనదు. ఇలాంటి ‘చెయ్యి దూరని పనుల’ను షెడ్డుకి తీసుకెళ్లకుండా ఇంటి ముందరో, అపార్టుమెంటు కింద పార్కింగులోనో సులువుగా చేసుకునే పద్ధతుల గురించే ఈ వ్యాసం.

ఈ విషయానికి విశాఖపట్నం తగిన ఊరు. ఒక పక్క ఉప్పుగాలి బోల్టుల్ని బిగదీస్తుంది. ఇంకో పక్క ఆ బోల్టుల్ని విప్పగలిగిన చేతులు ఊరి నిండా ఉన్నాయి. ఓడరేవు, షిప్‌యార్డు, రిఫైనరీ, ఉక్కు కర్మాగారం తరతరాలుగా ఫిట్టర్లని, టర్నర్లని, వెల్డర్లని పోషించాయి. కంచరపాలెం ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చదివి గాజువాక వైపు ఏదో ప్లాంటులో చేరినవాడు, ఆదివారం తన కారు బానెట్ తానే ఎత్తడం ఇక్కడ వింతేమీ కాదు. గాజువాక ఆటోనగర్ దగ్గర్లోనే ఉన్నా, అరగంట పనికి అరపూట షెడ్డులో కూర్చోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

చోటు ఎలా తగ్గింది

పాత కార్లలో ఈ బాధ తక్కువ. హిందుస్థాన్ మోటార్స్ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారు చేసిన అంబాసిడర్‌కి మాతృక బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. అందులో ఇంజను నిలువుగా, అంటే కారు పొడవునా ఉంటుంది. రెండు పక్కలా ఖాళీ. బానెట్ ఎత్తి లోపలికి వంగితే మోచేతులు కూడా దేనికీ తగలవు. ప్లగ్గులు, డైనమో, ఫ్యూయల్ పంపు అన్నీ పైనుంచే కనిపించేవి. బొంబాయి ప్రీమియర్ కంపెనీ ఫియట్‌లూ అంతే. ఆ ప్రీమియర్ కంపెనీని 1944లో స్థాపించిన వాల్‌చంద్ హీరాచందే, అంతకు మూడేళ్ల ముందు, 1941లో, విశాఖపట్నంలో సింధియా షిప్‌యార్డుకి పునాది వేయించాడు. ఈనాటి హిందుస్థాన్ షిప్‌యార్డు అదే. ఓడ ఫిట్టరుకీ ఫియట్ ఫిట్టరుకీ ఆ రకంగా పెద్దాయన ఒకడే.

మార్పు ఊపందుకుంది బ్రిటన్‌లో. 1959లో అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ కారులో ఇంజనుని అడ్డంగా తిప్పి పెట్టారు. మనుషులకి చోటు పెరిగింది, మెకానిక్కి తగ్గింది. ఇంజను అడ్డంగా ఉంటే ఒక ముఖం రేడియేటరు వైపు, రెండో ముఖం కేబినుకి అడ్డుగా ఉండే రేకు గోడ వైపు తిరుగుతుంది. ఆ రెండో ముఖం మీద ఏదున్నా చెయ్యి దూరని పని కిందికి వచ్చినట్టే. 1983 డిసెంబరులో మారుతి 800 రావడంతో ఈ అమరిక మన వీధుల్లోకి వచ్చింది. అయినా మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను చిన్నది కాబట్టి చుట్టూ ఇంకా కొంత ఖాళీ మిగిలింది. మరుసటి ఏడు వచ్చిన ఓమ్నీలో ఇంజను ముందు సీట్ల కింద చేరింది. ప్లగ్గు చూడాలంటే ముందు సీటెత్తాలి. 2009లో వచ్చిన టాటా నానోలో అది వెనక సీటు వెనక్కి పోయింది.

దీనికి తోడు ఏసీ కంప్రెసరు, పవర్ స్టీరింగు, ఎయిర్‌బ్యాగులు, పొగ నియంత్రణ సామగ్రి ఒక్కొక్కటే వచ్చి మిగిలిన సందుల్ని ఆక్రమించాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణాల తర్వాత పైపులు, సెన్సార్లు, వాటి వైర్లు బాగా పెరిగాయి. చాలా కార్లలో ఇప్పుడు బానెట్ ఎత్తగానే కనిపించేది ఇంజను కాదు, దాని మీది ప్లాస్టిక్ మూత.

ఇంకొక మార్పు కొలతలది. అంబాసిడర్ బోల్టులకి అంగుళాల పానాలు కావాలి, మారుతికి మిల్లీమీటర్లవి. మారుతి లాంటి జపాను సంప్రదాయపు కార్లకి 8, 10, 12, 14, 17 నంబర్లు ఉంటే చాలా పనులు గడిచిపోతాయి.

ఉప్పుగాలి చేసే పని

చెయ్యి దూరని చోట బోల్టు సులువుగా తిరిగితే సగం కష్టం తీరినట్టే. విశాఖలో అది తిరగదు. సముద్రం మీంచి వచ్చే గాలిలో ఉప్పు తుంపర ఉంటుంది. దానికి రేవు వైపు బొగ్గు ధూళి, ఖనిజపు ధూళి తోడై, తేమ పట్టి, బోల్టు తల చుట్టూ ముద్దలా కూరుకుంటాయి. ఉప్పు గాలిలోని తేమని పీల్చుకుంటుంది. అందుకే వాన పడని రోజుల్లో కూడా ఇక్కడ తుప్పు ఆగదు. బీచ్ రోడ్డు పక్క అపార్టుమెంట్లలో కారు పెట్టుకునేవాళ్లు సైలెన్సరు క్లాంపులు చూసుకుంటే ఈ మాట ఒప్పుకుంటారు.

తుప్పుకి ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి. అది పుట్టిన లోహం కన్నా రెండు రెట్లకు పైగానే ఉబ్బుతుంది. మరల సందు వెంట్రుకంత కూడా ఉండదు కాబట్టి ఆ ఉబ్బు బోల్టుని చీల కొట్టినట్టు బిగదీస్తుంది. అల్యూమినియం ఇంజనులో ఉక్కు బోల్టు ఉంటే ఇంకో చిక్కు. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే అది చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తుంది. అప్పుడు బోల్టుతో పాటు మరలే ఊడి వస్తాయి.

ఇలాంటి బోల్టుకి బలం కన్నా ఓపిక మందు. ముందు తీగ బ్రష్షుతో బయటికి కనిపించే మరల్ని శుభ్రం చెయ్యాలి. తర్వాత సన్నగా ఇంకే నూనె వెయ్యాలి. 1953లో అమెరికాలోని శాన్ డియేగోలో పుట్టిన డబ్ల్యూడీ-40 ఇప్పుడు ప్రతి హార్డ్‌వేర్ దుకాణంలోనూ దొరుకుతుంది. అది రాకముందు ఈ పని చేసింది కిరసనాయిలు, డీజిలే. ఇప్పటికీ అవి పనికొస్తాయి, కాకపోతే నెమ్మది. నూనె వేసిన పది నిమిషాలకే పానా పట్టేవాడు నూనె వృథా చేసుకున్నట్టు. రాత్రి వేసి, పొద్దున్న మళ్లీ ఒకసారి వేసి, సుత్తితో బోల్టు తల మీద నాలుగు చిన్న దెబ్బలు కొట్టి అప్పుడు ప్రయత్నించాలి. మొదట బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పాలి. తుప్పు పొర అక్కడ పగులుతుంది. ఆ తర్వాత విప్పే వైపు కొంచెం, వెనక్కి కొంచెం, మళ్లీ ముందుకి. కదిలింది కదా అని ఒక్కసారిగా లాగితే తల ఊడి చేతిలోకి వస్తుంది. ఆ తర్వాత అది ఇంటి పని కాదు, డ్రిల్లు మిషన్ ఉన్నవాడి పని.

వేడి ఇంకో ఉపాయం. డిగ్రీ వేడికి ఉక్కు పది లక్షల్లో సుమారు 12 వంతులు పెరిగితే, అల్యూమినియం సుమారు 23 వంతులు పెరుగుతుంది. అంటే అల్యూమినియం భాగాన్ని వేడి చేస్తే అందులోని ఉక్కు బోల్టు చుట్టూ సందు పెరుగుతుంది. అయితే పెట్రోలు పైపు, రబ్బరు, వైరింగు దగ్గరున్న సందుల్లో ఇంట్లో మంట పెట్టడం ప్రాణాలతో చెలగాటం. పైగా ప్లగ్గుల సంగతి వేరు. వేడి మీద అల్యూమినియం మరలు మెత్తబడి గీసుకుపోతాయి కాబట్టి ప్లగ్గు చల్లటి ఇంజను మీదే విప్పాలన్నది తయారీదార్ల సలహా.

మళ్లీ బిగించేటప్పుడు మరలకి రాగి పేస్టు పల్చగా రాస్తే వచ్చేసారి ఈ బాధ ఉండదు. సైలెన్సరు బోల్టులకి ఇది తప్పనిసరి అనొచ్చు. పూత పూసిన ప్లగ్గులకి మాత్రం వద్దని ఎన్‌జీకే లాంటి ప్లగ్గుల కంపెనీలే చెబుతాయి. జారుడు పెరిగితే అదే బలానికి ఎక్కువ బిగుసుకుంటుంది.

దారి మార్చడం

చెయ్యి దూరని పనిలో అనుభవం లేనివాడు బోల్టుతో కుస్తీ పడతాడు. అనుభవం ఉన్నవాడు ముందు ఐదు నిమిషాలు చుట్టూ తిరిగి చూస్తాడు. పైనుంచి కనిపిస్తున్నదని పైనుంచే చెయ్యాలని లేదు. కారులో ఏ చోటికైనా మామూలుగా నాలుగు దారులుంటాయి. బానెట్ నుంచి, కింద నుంచి, చక్రం వైపు నుంచి, కేబిన్ లోపలి నుంచి. వీటిలో జనం ఎక్కువగా మరిచిపోయేది చక్రం వైపు దారి.

హెడ్‌లైటు బల్బు దీనికి మంచి ఉదాహరణ. చాలా చిన్న కార్లలో ఒక పక్క బల్బు వెనక బ్యాటరీ, ఇంకో పక్క ఎయిర్ ఫిల్టరు డబ్బా ఉంటాయి. వేళ్లు దూర్చి రబ్బరు మూత లాగితే వస్తుంది, కానీ బల్బుని పట్టి ఉంచే తీగ క్లిప్పు కనిపించదు. అరగంట పాటు చర్మం గీరుకుంటూ తడిమేకన్నా బ్యాటరీ తీసేస్తే సరి. రెండు 10 నంబరు నట్లు, ఒక బిగింపు పట్టీ. ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్. పెట్టేటప్పుడు తలకిందులు. ఐదు నిమిషాల్లో జానెడు చోటు వస్తుంది. కొన్ని మోడళ్లలో బంపరు పైభాగం రెండు క్లిప్పులు విప్పితే హెడ్‌లైటే మొత్తంగా ముందుకి జారుతుంది. ఫాగ్ ల్యాంపు అయితే బంపరు కింద పడుకోనక్కర్లేదు. స్టీరింగు ఒక పక్కకి పూర్తిగా తిప్పి, చక్రం పైనున్న ప్లాస్టిక్ లైనరుకి ముందు వైపు రెండు మూడు క్లిప్పులు తీసి మడిస్తే బల్బు ఎదురుగా ఉంటుంది. హ్యాలోజన్ బల్బు గాజుని వేళ్లతో ముట్టుకోకూడదు. వేలి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు తొందరగా పోతుంది. పొరపాటున తగిలితే స్పిరిట్‌తో తుడవాలి.

ఫ్యాన్ బెల్టు, దాన్ని బిగించే బోల్టులు కూడా చాలా అడ్డ ఇంజను కార్లలో చక్రం వైపు నుంచే సులువు. సెల్ఫ్ మోటారుకి సాధారణంగా కింది బోల్టు కింద నుంచి, పైబోల్టు పైనుంచి. ఎయిర్ ఫిల్టరు డబ్బా, దాని లావు గొట్టం తీసేస్తే పైబోల్టు బయటపడుతుంది. ఆ డబ్బా తియ్యడానికి బద్ధకించి సందులోంచి పానా దూర్చేవాళ్లు ఎప్పుడూ ఎక్కువ సేపే పని చేస్తారు. అడ్డు తీసేయడానికి పది నిమిషాలు పడుతుందని లెక్కేసుకుంటారు గానీ, తియ్యకపోతే ఎంత పడుతుందో లెక్కేసుకోరు.

ఏసీ ఫిల్టరు కేబిన్ దారికి చెందింది. గ్లోవ్ బాక్సు ఖాళీ చేసి, రెండు పక్కల గోడల్ని లోపలికి నొక్కితే చాలా కార్లలో అది ఆపు చీలలు దాటి కిందికి వేలాడుతుంది. వెనక పల్చటి మూత, దాని వెనక ఫిల్టరు. రేవు పరిసరాల్లో తిరిగే కారుకి ఆ ఫిల్టరు ఎంత నల్లగా వస్తుందో చూసినవాడు ఏటా మార్చడానికి బద్ధకించడు.

పానా తిరగడానికి ఎంత చోటు కావాలి

ఆరు పలకల నట్టు ఒక పలక నుంచి ఇంకో పలకకి 60 డిగ్రీలు. డబుల్ ఎండ్ పానా నోరు పిడికి 15 డిగ్రీలు వాలి ఉంటుంది. అది తయారీ లోపం కాదు, కావాలని పెట్టిందే. పానాని ఒకసారి తిప్పి, తీసి, బోర్లించి మళ్లీ పెడితే 30 డిగ్రీల సందులోనే పని సాగిపోతుంది. పన్నెండు మూలల రింగు పానాకీ 30 డిగ్రీలే చాలు. రాచెట్‌లో లెక్క దాని పళ్లది. 24 పళ్ల రాచెట్ ఒక్కో పన్నుకి 15 డిగ్రీలు, 36 పళ్లది 10, 72 పళ్లది 5 డిగ్రీలు. గోడకీ ఇంజనుకీ మధ్య చెయ్యి కదిలేది రెండు వేళ్ల మేరే అయితే చవక రాచెట్ ఒక్క ‘టిక్’ కూడా అనదు, 72 పళ్లది అంటుంది. ఇంటి సామాన్లలో ఒక్కటే ఖరీదైనది కొనగలిగితే అది ఈ రాచెటే అయి ఉండాలి.

విడి సాకెట్లు, మార్చుకునే పిళ్ల పద్ధతిని 1920లో అమెరికాలో స్నాప్-ఆన్ కంపెనీ ఐదు పిళ్లు, పది సాకెట్లతో ప్రచారంలోకి తెచ్చింది. లోతుగా ఉన్న బోల్టుకి పొడుగు ఎక్స్‌టెన్షను, వంపులో ఉన్నదానికి యూనివర్సల్ జాయింటు దాని సంతానమే. ఆ జాయింటు సూత్రం ఇంకా పాతది. పదిహేడో శతాబ్దంలో రాబర్ట్ హుక్ వివరించిన కీలు అది. మరీ వంచితే తిరుగుడు తడబడి సాకెట్ జారుతుంది. కాబట్టి ఎక్స్‌టెన్షను పొడుగు పెంచి, వంపు తగ్గించుకోవడం మేలు. అడుగున్నర దూరం నుంచి, అన్ని అడ్డంకుల అవతల నిలబడి, రాచెట్‌ని హాయిగా తిప్పే అవకాశం చాలాసార్లు ఉంటుంది.

పట్టు విషయంలో చిన్న లెక్క. 25 సెంటీమీటర్ల పిడి చివర 20 కిలోల బరువంత ఒత్తితే సుమారు 49 న్యూటన్-మీటర్ల బిగువు వస్తుంది. దానికి మీటరు పైపు తొడిగితే అదే ఒత్తుడుకి నాలుగింతలు. చక్రం నట్లకి ఇది వరం, ప్లగ్గుకి శాపం. పైపు పట్టని చోట ఒక పానా రింగుని ఇంకో పానా నోట్లో తగిలించి పొడుగు చేసే అలవాటు మెకానిక్కులకి ఉంది. పని జరుగుతుంది గానీ జారితే పిడికిలి వెళ్లి రేడియేటరుకి తగులుతుంది. తోసే బదులు లాగడం, తొయ్యక తప్పకపోతే పిడికిలి బిగించకుండా అరచేత్తో తొయ్యడం మంచిది.

పక్కనుంచి తప్ప పెట్టలేని నట్టుకి కాకిపాదం పానా వాడతారు. దాన్ని టార్క్ రెంచికి నిటారుగా ముందుకి తగిలిస్తే పిడి పొడుగు పెరిగినట్టే కాబట్టి లెక్క మారుతుంది. రెంచి 40 సెంటీమీటర్లు, కాకిపాదం ఇంకో 5 అనుకుంటే, 90 న్యూటన్-మీటర్లు కావలసిన చోట రెంచిని 80 దగ్గర పెట్టాలి. లంబకోణంలో తగిలిస్తే ఈ సవరణ అక్కర్లేదు.

కన్ను ఆనని చోట

ఒకప్పుడు షెడ్లలో దీనికి వాడింది పిడి ఉన్న చిన్న అద్దం. అందులో కుడి ఎడమలు తారుమారై కనిపించి కొత్తవాడు విప్పబోయి బిగించేవాడు. ఇప్పుడు ఫోను సందులోకి దూర్చి వీడియో తీసి, బయట పెట్టుకుని చూడడం అందరికీ అలవాటైంది. విప్పే ముందే ఒక ఫోటో, విప్పాక ఒకటి తీస్తే తిరిగి బిగించేటప్పుడు ఏ వైరు ఏ పక్క నుంచి వెళ్లిందన్న తగువు రాదు. ఫోనుకి తగిలించే తీగ కెమెరా కూడా చవగ్గా దొరుకుతోంది. అయినా చివరికి పని చేసేది వేళ్ల కొసలే. చూసింది గుర్తు పెట్టుకుని, కళ్లు మూసుకుని తడిమితే తొందరగా దొరుకుతుందన్నది విచిత్రంగా అనిపించే నిజం.

పెట్టడం తియ్యడం కన్నా కష్టం. బోల్టుని ఆ లోపలి దాకా మోసుకెళ్లాలి, పడెయ్యకూడదు. సాకెట్ లోపల చిటికెడు గ్రీజు పూస్తే నట్టు అంటుకుని ఉంటుంది. చిన్న కాగితం ముక్క అడ్డం పెట్టినా బిగువుగా నిలుస్తుంది. వాషరుకి దారం కట్టి పంపి, బోల్టు పట్టాక దారం తెంపేస్తారు. లోతు బావిలాంటి చోట ప్లగ్గు పెట్టాలంటే పెట్రోలు గొట్టం ముక్క దాని తలకి తొడిగి, గొట్టాన్ని వేళ్లతో తిప్పాలి. మర వంకరగా ఎక్కబోతే గొట్టం జారిపోతుంది గానీ ఇంజను మర చెడదు. ప్లగ్ పానాతో మొదలుపెట్టినవాడికి ఆ హెచ్చరిక అందదు. ఈ వ్యాసంలో ఒక్క ఉపాయమే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోవాలి. సిలిండరు హెడ్డు మర పోతే ఖర్చు ప్లగ్గుది కాదు, హెడ్డుది.

ఎంత జాగ్రత్తపడ్డా నట్టు పడుతుంది. పడ్డ నట్టు నేలకి చేరదు. ఇంజను కిందనున్న ప్లాస్టిక్ పళ్లెంలోనో, క్రాస్ మెంబరు మడతలోనో ఇరుక్కుంటుంది. పని మొదలుపెట్టే ముందే కింద సందుల్లో పాత చీర ముక్క కుక్కి ఉంచితే ఈ వెతుకులాట తప్పుతుంది. అయస్కాంతం కట్టిన పొడుగు కడ్డీ ఉక్కు నట్టుని పట్టుకొస్తుంది, ఇత్తడినీ అల్యూమినియాన్నీ పట్టదు. వాటికి చీపురుపుల్ల కొసన కొంచెం గ్రీజు. పడింది టైమింగ్ బెల్టు మూత లోపలైతే మాత్రం, దొరికేదాకా ఇంజను స్టార్టు చెయ్యకూడదు.

పానాని వంచే చేతులు

దుకాణంలో దొరికే పానా ఏ సందుకీ సరిగ్గా పట్టకపోతే ఏం చెయ్యాలి? పానానే సందుకి తగ్గట్టు మార్చాలి. బ్రిటన్‌లో 1966 నుంచి హేన్స్ కంపెనీ వేసిన మరమ్మతు పుస్తకాల్లో ఇలా ఇంట్లో చేసుకునే పనిముట్ల బొమ్మలు ఉండేవి. విశాఖలో ఈ విద్యకి పుస్తకం అవసరం తక్కువ. ఓడ అడుగున జంట పలకల మధ్య అరలు ఉంటాయి. మనిషి పట్టేంత కన్నంలోంచి దూరి, వెల్లకిలా పడుకుని, చేతి కొసతో నట్టు తిప్పాలి. కర్మాగారంలో షట్‌డౌన్ సమయంలో పైపుల వరసల వెనక ఫ్లాంజి బోల్టు విప్పాలి. అలాంటి చోట్ల పనిచేసినవాళ్లకి పొట్టి చేసిన పానా, మెడ వంచిన రింగు, అంచు అరగదీసి పల్చన చేసిన సాకెట్ కొత్తేమీ కాదు. అది పనిలో భాగం. ఆ నేర్పు సెలవురోజున కారు మీదికి రావడం సహజం.

ఇంట్లో చేసుకోదగినవి మూడు. మొదటిది కొయ్యడం. 10 నంబరు రింగు పానాని సగానికి కోస్తే అరచేతిలో ఇమిడే పొట్టి పానా అవుతుంది. ఎల్లెన్ కీ పొట్టి కాలుని ఇంకా పొట్టిగా కోస్తే అంగుళం సందులో కూడా దూరుతుంది. రెండోది అరగదీయడం. గ్రైండరు మీద సాకెట్ బయటి గోడ పల్చన చేసుకోవచ్చు, కానీ నీళ్లలో ముంచుతూ చెయ్యాలి. నీలం రంగు తేలిందంటే పదును పోయింది. మూడోది వంచడం. పానాని ఎర్రగా కాల్చి వంచితే ఉక్కుకి ముందున్న గట్టిదనం ఉండదు. అలాంటి పానా చిన్న నట్లకి, తక్కువ బిగువుకి మాత్రమే. అందుకని పాత సామాన్ల దుకాణంలో కొన్న పానానే దీనికి బలి పెట్టాలి, మంచి సెట్టులోంచి తియ్యకూడదు.

విరిగిన బోల్టు మొండేనికి నట్టు తగిలించి లోపల వెల్డింగు చేసి తిప్పి తియ్యడం వెల్డర్ల అందమైన పని. వెల్డింగు వేడే తుప్పుని వదిలిస్తుంది. ఇది ఇంటి పని కాదు గానీ ఇంటికి వచ్చి చేసే వెల్డరు ఈ ఊళ్లో దొరుకుతాడు. అతను వచ్చే ముందు బ్యాటరీ వైర్లు రెండూ విప్పి ఉంచాలి, లేదంటే కారు కంప్యూటరుకి ముప్పు. వాడే నట్టుకి జింకు పూత ఉండకూడదు. ఆ పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం వస్తుందని వెల్డర్లందరికీ తెలుసు.

కింద దూరే ముందు

సులువు వెతుక్కోకూడని చోటు ఒకటుంది. కారు కింద. కారుతో వచ్చే జాకీ చక్రం మార్చడానికే, దాని మీద నమ్మకం పెట్టి మనిషి కింద దూరడానికి కాదు. గట్టి స్టాండ్లు రెండు పెట్టి, కారు బరువు వాటి మీదికి దింపి, చేత్తో ఊపి చూసి అప్పుడే దూరాలి. ఇటికలు, సిమెంటు దిమ్మలు స్టాండ్లు కావు. అవి వంగి హెచ్చరించవు, ఒక్కసారిగా పగులుతాయి. విశాఖలో ఇంకో తిరకాసు నేలది. కొండ వాలుల్లో కట్టిన కాలనీల్లో సమతలంగా కనిపించే వీధి కూడా కొంత వాలు ఉంటుంది. చక్రాలకి ముందూ వెనకా అడ్డం పెట్టకుండా జాకీ ఎత్తితే కారు జారుతుంది. అపార్టుమెంటు కింది గచ్చు సమతలంగానే ఉంటుంది గానీ అక్కడ గాలి ఆడదు. మూసి ఉన్న సెల్లారులో ఇంజను నడుపుతూ పని చేస్తే కార్బన్ మోనాక్సైడు వాసన కూడా తెలియకుండా మనిషిని పడగొడుతుంది.

ఇంజను ఆపినా రేడియేటరు ఫ్యాను వేడి మీద దానంతటదే తిరిగే కార్లున్నాయి. ఫ్యాను దగ్గర వేళ్లు పెట్టే ముందు బ్యాటరీ తియ్యాలి. వేడి రేడియేటరు మూత విప్పకూడదు. స్టీరింగు చుట్టుపక్కల పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగువి. వాటి జోలికి పోకూడదు.

ఇక తీసేసిన పాత ఇంజను ఆయిలు సంగతి. చట్టం ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. వీధి కాలవలో పోస్తే గెడ్డలోకి, గెడ్డలోంచి సముద్రంలోకి పోతుంది. ఖాళీ డబ్బాలో పట్టి, వాడిన ఆయిలు తీసుకునే షెడ్డుకి ఇవ్వాలి.

హద్దులు, హక్కులు

క్లచ్ ప్లేటు, టైమింగ్ బెల్టు, గేరుబాక్సు దించాల్సిన పనులు, సీఎన్‌జీ గొట్టాలు ఇంటి జాబితాలోకి రావు. వీటిలో చెయ్యి దూర్చగలగడం ఒక్కటే ప్రశ్న కాదు. బ్రేకు ప్యాడ్లు మార్చడం చేరువలో ఉండే పనే అయినా, నేర్చుకున్నవాడి పక్కన నిలబడి ఒకసారి చూశాకే చెయ్యాలి. తుఫానులో నీట మునిగిన కారుని స్టార్టు చేసి చూడడం అన్నిటికన్నా ఖరీదైన తప్పు. సిలిండర్లోకి నీరు చేరితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకిన ఊరికి ఈ మాట మళ్లీ చెప్పడం తప్పు కాదు.

చెయ్యి దూరకపోవడం అన్నిసార్లూ యాదృచ్ఛికం కాదన్న అనుమానం వాడకందార్లలో ప్రపంచమంతటా ఉంది. ప్రత్యేక పనిముట్లు, సమాచారం కంపెనీ దగ్గరే ఉండిపోతున్నాయన్నది ఫిర్యాదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. అందులో వాహనాలు కూడా ఒక విభాగం. వారంటీలో ఉన్న కారు విప్పే ముందు మాత్రం కాగితాలు చదువుకోవడమే మేలు.

ఎలక్ట్రిక్ కార్లు ఈ లెక్కని మళ్లీ మారుస్తున్నాయి. ప్లగ్గు లేదు, ఫ్యాన్ బెల్టు లేదు, సైలెన్సరు లేదు. నారింజ రంగు కేబుళ్లు మాత్రం ఉన్నాయి. వాటిలో ప్రాణం తీసే వోల్టేజి ఉంటుంది. చెయ్యి బాగా దూరే చోట్ల కూడా పెట్టకూడదు. అయితే వైపర్లు, లైట్లు, తాళాలు నడపడానికి వీటిలోనూ మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది పాడైతే కారు నిద్ర లేవదు. చాలా మోడళ్లలో దాని టెర్మినల్ విప్పడానికి ఇప్పటికీ కావలసింది 10 నంబరు పానాయే.